ఆరో డిస్కులో గాట్లు

ఫిబ్రవరి 2

తమ్ముడికి,

పన్నెండేళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇవాళ కక్కేస్తున్నాను. కెమెరా ఆయన మన పడవల షెడ్డుకొచ్చి నలభై రోజులు నా పనిని వీడియో తీశాడు. తొమ్మిది డిస్కులయ్యాయి. ఆ తొమ్మిదింటిలో నా మొహం ఎక్కడా లేదు. నా చేతులున్నాయి. నా వీపు ఉంది. ఒకచోట నా చెప్పులున్నాయి. మొహం నీది, మాటలు నీవి. "మా ఇంట్లో పడవంటే" అని నువ్వు మొదలుపెడితే నేను చెక్క చెక్కే బాడిస చప్పుడు కూడా వినపడదు. బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పావు. నువ్వు ఏనాడైనా ఒక్క మేకు కొట్టావా? చూసినవాళ్లంతా "పంతులు గారి పడవ" అన్నారు. నేనేమీ అనలేదు. అనలేదు కాబట్టి మర్చిపోయాననుకున్నావు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులోనూ నువ్వే మాట్లాడతావు. పైగా నా కుడిచెవి సుత్తి చప్పుళ్లకు ఎప్పుడో పోయింది. కాగితం మీదైతే నా మాట అయ్యేదాకా నువ్వు నోరెత్తలేవు. నేను చదువుకున్నది మూడో తరగతి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకని జాగ్రత్తగా చదువు.

ఇక సంగతి. నువ్వు పంపిన పెన్ డ్రైవ్ మొన్న చేరింది. తొమ్మిది డిస్కులనూ బొటనవేలంత ముక్కలోకి ఎక్కించానని గొప్పగా రాశావు. పిల్ల దాన్ని టీవీకి గుచ్చింది. పిల్ల అంటే ఇంకా పిల్లే అనుకునేవు, నా కూతురికి ముప్పై ఐదు నిండాయి. ఇప్పుడు షెడ్డు తనదే. రేవు నడిపే ఆయనకు పెద్ద పడవ చేసిస్తానని ఒప్పుకుంది. తన పేరున మొదటిది. మార్చి ఆఖరుకు నీళ్లలో ఉండకపోతే ఇనుప పడవ తెప్పించుకుంటానని ఆయన మొహం మీదే చెప్పాడు. అడుగుదూలం వేసింది, పద్నాలుగు పక్కటెముకలూ నిలబెట్టింది. ఇక పలకలు వంచాలి. దానికి నాన్న కొలకర్ర మీది గాట్లు కావాలి.

నీకు గుర్తులేకపోతే చెబుతాను. మనిషెత్తు కర్ర, దాని మీద నాన్న చెక్కిన పద్నాలుగు గాట్లు. ఒక్కో గాటు ఒక్కో పక్కటెముక దగ్గర పలక ఎంత వెడల్పుండాలో చెబుతుంది. ఆరో డిస్కులో ఆ కర్రను బల్ల మీద పెట్టాను. కెమెరా ఆయన దాన్ని చాలాసేపు తీశాడు, ఎందుకంటే నువ్వు చాలాసేపు మాట్లాడావు. అప్పట్లో డిస్కు వేసి చూస్తే ఒక్కో గాటునూ గోటితో తడమొచ్చు అన్నట్టు కనపడింది. ఆ బల్ల ఇంకా ఉంది, దాని బోల్టులను పట్టి దూరాలు కట్టుకుంటానని పిల్ల టేపు పట్టుకుని టీవీ ముందు కూర్చుంది.

కర్ర వచ్చింది. అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. ఒక్క గాటు లేదు. పిల్ల ఆపి చూసింది, వెనక్కి తిప్పి చూసింది, టీవీకి ముక్కు ఆనించి చూసింది. "నాన్నా, ఇది వట్టి కర్ర" అంది. నీ మొహం మాత్రం బాగానే ఉంది.

కర్ర నాన్న నాకిచ్చాడని చిన్నప్పటి నుంచీ నీకు మంట. ఇప్పుడు తుడిచేశావు.

నా డిస్కులు నాకు పంపు. చెడిపోయిన ప్లేయరు బాగుచేయించుకుంటాను.

అన్న


ఫిబ్రవరి 7

అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత కోపం వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషిని, కోపం చల్లారాకే రాస్తున్నాను.

తుడిచేశావని రాశావు. డిస్కులు పంపినప్పుడు ఏమని రాశావో ఆ కార్డు నా దగ్గరుంది. "ఇవి పాడవకముందే కంప్యూటర్లోకి ఎక్కించు, చిన్నదిగా చెయ్యి, పిల్ల ఫోనులోనూ పట్టాలి." చిన్నదిగా చెయ్యమన్నది నువ్వే. ఒక్కో డిస్కు ఎక్కడానికీ, దాన్ని కుదించడానికీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టేది. పదకొండు రోజులు. కంప్యూటరు ఫ్యాను రొదకు మీ మరదలు "మీ అన్నగారి పడవ మన ముందుగదిలోనే తేలేట్టుంది" అంది.

కుదించడమంటే ఏమిటో చెబుతాను, విను. కంప్యూటరు ప్రతి బొమ్మనూ చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ఏ గడి కదలకుండా ఉందో అక్కడ మళ్లీ మళ్లీ రాసుకోదు, "ముందున్నదే" అని ఊరుకుంటుంది. కంటికి పెద్దగా ఆననిదాన్ని వదిలేస్తుంది. దానికి తోడు బొమ్మంతా ఇసుక చల్లినట్టుంటే, మచ్చలు తీసేసే పెట్టె ఒకటి కనపడింది, అక్కడ టిక్కు పెట్టాను. శుభ్రంగా ఉంటే నువ్వు సంతోషిస్తావనుకున్నాను. సన్నగాట్లను కూడా అది మచ్చలే అనుకున్నట్టుంది. దానికి గాటేదో మరకేదో తెలియదు. నాకూ తట్టలేదు. ఇందులో మంట ఎక్కడుంది?

ఇక మొహం సంగతి. కెమెరా ఆయన నీ మొహం వైపు తిప్పినప్పుడల్లా నువ్వు ఏమన్నావు? "పని చూడవయ్యా, నన్నెందుకు" అని వీపు తిప్పేశావు. ఆయన మూడు రోజులు బతిమాలి నన్ను కూర్చోబెట్టాడు. ఎవరో ఒకరు మాట్లాడకపోతే నలభై రోజులు బాడిస చప్పుడు ఎవరు వింటారు?

నాకు అర్థం కానిదొకటే. కర్ర నీ దగ్గర ఉండగా కర్ర బొమ్మతో నీకేం పని? ఎవరినీ ముట్టుకోనివ్వకుండా దాచుకున్నావు కదా. అటక మీంచి తీసి పిల్ల చేతికివ్వు. ఇదంతా గాట్ల కోసం కాదు, నీ మొహం కోసమేనని నా అనుమానం. అదే అయితే సూటిగా అడుగు. నువ్వు పక్కకు తిరిగిన చోటొకటి రెండో డిస్కులో ఉంది. దాన్ని పెద్దది చేసి పంపుతాను.

డిస్కుల సంగతి తర్వాత రాస్తాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 12

తమ్ముడికి,

"తర్వాత రాస్తాను" అంటే ఏమిటి? పోస్టులో వేసెయ్యి. రాయడానికేముంది?

మొహం పెద్దది చేసి పంపుతాడట. నా మొహం నాకు రోజూ అద్దంలో కనపడుతోంది, ఏమంత బాగాలేదు. నేను వీపు తిప్పింది పని ఆగకూడదని. నువ్వు కెమెరా వైపు మొహం తిప్పింది ఎందుకో నీకే తెలియాలి.

ఈ ఉత్తరం పిల్లకు తెలియకుండా రాస్తున్నాను. జరిగింది చెబుతాను, దీని మీద పాఠం చెప్పకు.

గాట్లు లేకపోతే నేను లేనా అన్నాను. పెద్ద పడవలు పంతొమ్మిది చేశాను, నా తల్లో లేదా అన్నాను. పిల్ల నా వంక చూసి, "నువ్వు చెప్పు నాన్నా, నేను గీస్తాను" అంది. పలకలు రెండే ఉన్నాయి, పడవకు అటొకటి ఇటొకటి. అంత పొడవున ముడి లేని చెక్క దొరకడానికి ఆర్నెల్లు తిరిగింది. మొదటిదాని మీద నేను చెబుతూ పోయాను, తను గీస్తూ పోయింది. పదో పక్కటెముక దాకా నాకు అనుమానం లేదు. పడవ ముక్కు దగ్గరకొచ్చేసరికి, అక్కడే పలక సన్నబడి మెలి తిరుగుతుంది, నాకు ఏమీ కనపడలేదు. చెప్పకూడదు. చెప్పాను. నోటికొచ్చింది చెప్పాను.

కోసింది. ఆవిరి పెట్టెలో పెట్టింది. మూడు గంటలు ఉడికాక నలుగురు పట్టి తెచ్చి వంచారు. పదకొండో ఎముక దాటగానే చప్పుడైంది. నా పనికిరాని చెవికి కూడా వినపడింది. నిలువునా చీలింది.

పిల్ల చీలిన చోటు చూసింది. చీపురు తెచ్చి పేళ్లు ఊడ్చింది. నలుగురికీ టీ ఇచ్చింది. ఆ తర్వాత చీలిన పలక పక్కన కూర్చుని దాన్ని చేత్తో తడుముతూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

చీలిన దాన్ని కోసి చిన్న పలకలకు వాడుతుందట. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక్కటే, దాని జత కోసం మళ్లీ మనిషిని పంపింది. ఈ ఒక్కటీ పోతే పడవ లేదు. రేవు ఆయన నిన్న వచ్చి పక్కటెముకలు చూసి, "అమ్మా, ఇది పడవా, ఎండిన చేప ముల్లా?" అని నవ్విపోయాడు. పిల్ల కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పాత పడవలు కొలుచుకోవచ్చు కదా అంటావేమో. పెద్దవి ఒక్కటీ మిగల్లేదు. డిస్కుల్లో ఉన్నదాన్ని నాలుగేళ్ల కిందట విరగ్గొట్టారు. చిన్నవాటి లెక్క వేరు.

కర్ర నా దగ్గర లేదు. వరదకు కొట్టుకుపోయింది. అందుకే బొమ్మ కావాలి. ఇక అడగకు.

ఆరో డిస్కు ఒక్కటి పంపినా చాలు. వెంటనే.

అన్న


ఫిబ్రవరి 17

అన్నయ్యకు,

పలక సంగతి చదివాక ఇక దాచి లాభం లేదు. కోప్పడు, కానీ పూర్తిగా చదివాకే కోప్పడు.

డిస్కులు నీ మొదటి ఉత్తరం వచ్చేదాకా మా మేడ మీద ఉన్నాయి. టమాటా మొక్కల మీద వేలాడాయి.

అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాక మీ మరదలు, "ఇంకా ఈ పళ్లాలెందుకు? పావురాలు ఒక్క కాయ మిగల్చడం లేదు, ఎండకు మెరిస్తే బెదురుతాయి" అంది. తాడు కట్టింది తను కాదు, నేనే. తొమ్మిదింటికీ తొమ్మిది తాళ్లు. పావురాలు నాలుగు రోజులు బెదిరాయి. ఆ తర్వాత వాటి మీదే వాలడం మొదలుపెట్టాయి. అయినా దింపలేదు. డిసెంబరు నుంచి ఎండకు ఎండి, వానకు తడిశాయి. నీ మొదటి ఉత్తరం రాగానే పైకి వెళ్లి చూశాను. దింపాను, తుడిచాను, నీకేం రాయాలో తెలియక "తర్వాత" అని రాశాను. బడిలో నలభై ఏళ్లు పిల్లలు చెప్పే సాకులు విన్నవాణ్ణి, నా సాకు వాళ్లవాటికన్నా నాసిరకంగా ఉంది.

ఇప్పుడున్న స్థితి ఇది. మూడింటికి వెండి పొర పెచ్చులుగా లేచిపోయింది, అవి ఇక అద్దం ముక్కలే. ఒకటి విరిగింది. మిగిలినవి ఐదు. కెమెరా ఆయన మార్కరుతో వేసిన అంకెలు ఎండకు పూర్తిగా వెలిసిపోయాయి. ఆరోది ఈ ఐదింటిలో ఉందో, పోయినవాటిలో ఉందో తెలియదు. కంప్యూటర్లో ఒక్కోటీ పెట్టి చూడాలి. మొదటి రెండూ పెట్టాను. ఒకటి ఎనిమిదోది. రెండోదాన్ని కంప్యూటరు గుర్తే పట్టలేదు, నోట్లో ముద్ద పెట్టుకుని నమల్లేనివాడిలా గరగరలాడి బయటికి తోసేసింది. నీకు పోస్టులో పంపితే ఏ ప్లేయరూ వీటిని చదవదు. నన్ను ప్రయత్నించనివ్వు.

నన్ను అడగొద్దన్నావు, అయినా అడుగుతాను. వరద అన్నావు. ఆ వరదకు నేను అక్కడే ఉన్నాను. షెడ్డులో నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. కర్ర అటక మీద ఉండేది. మోకాలి లోతు నీళ్లు అటకెక్కి కర్రను పట్టుకుపోయాయా? ఎవరికిచ్చావు? కెమెరా ఆయన అప్పట్లో దాని చుట్టూ తిరిగాడు, అద్దాల పెట్టెలో పెట్టి జనానికి చూపిస్తామన్నాడు. ఆయనకిచ్చి ఉంటే చెప్పు, ఆయన అడ్రసు కనుక్కుని నేనే వెళతాను. ఆరో డిస్కు దొరకకపోతే అదొక్కటే దారి. పరువు కోసం పిల్ల పలకను బలిపెట్టకు.

తమ్ముడు


ఫిబ్రవరి 22

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండు రోజులుగా చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. పిల్ల ఎక్కడ చూస్తుందోనని.

ఎవరికీ ఇవ్వలేదు. కాల్చేశాను.

కెమెరా ఆయన డిస్కులు తెచ్చిచ్చిన రోజు మీ ఇంట్లో అందరం కూర్చుని చూశాం, గుర్తుందా? తొమ్మిదీ చూసేసరికి సాయంత్రమైంది. మీ పక్కింటాయన నాతో, "మీరు కూడా పడవ పనిలో సాయం చేశారన్నమాట" అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. నవ్వి ఊరుకున్నావు. నేను బస్సెక్కి వచ్చేశాను. షెడ్డులో ఆవిరి పెట్టె కింద పొయ్యి ఇంకా రగులుతోంది. అటక మీంచి కర్ర దింపి పొయ్యిలో పెట్టాను. డెబ్భై ఏళ్లనాటి చేవ కర్ర, వెంటనే అంటుకోలేదు. తీసేద్దామనుకుంటే తీసెయ్యడానికి వ్యవధి ఉంది. తియ్యలేదు. చేతులు నావి మాటలు నీవి అయినప్పుడు, కర్ర ఎవరికి కావాలి అనుకున్నాను. మాటలతోనే పడవ కట్టుకోనీ అనుకున్నాను. ఆ తర్వాత పెద్ద పడవ చెయ్యలేదు. చెయ్యి వణుకుతోందన్నాను. వణుకు వచ్చింది నాలుగేళ్ల తర్వాత.

అప్పటికి పిల్ల ఈ పని పడుతుందని నాకు తెలియదు. ఆడపిల్ల, వేరే ఏదో చేసుకుంటుందనుకున్నాను. తను అడిగినప్పుడు వరద అని చెప్పాను. నమ్మింది. అప్పటి నుంచీ వరదను తిడుతోంది.

నిన్ను తుడిచేశావన్నాను. తుడిచింది నేను. నువ్వు బొమ్మను తుడిచావు, నేను కర్రనే తుడిచాను.

ఇది పిల్లకు రాశావో, ఫోను చేశావో, నాకు తమ్ముడు లేడు.

మిగిలిన డిస్కులు పెట్టి చూడు. పలకను తడిగుడ్డలు కప్పి నీడన పెట్టింది. నాలుగు వారాలు ఆగుతుంది. ఆ పైన ఎండి బిగుసుకుంటుంది, వంగదు.

అన్న


మార్చి 1

అన్నయ్యకు,

పిల్లకు చెప్పను. అది నా నోటితో చెప్పే మాట కాదు.

పక్కింటాయన అన్న మాట నాకు గుర్తుంది. నవ్వి ఊరుకున్నదీ గుర్తుంది. దాని గురించి నాలుగు పేజీలు రాసి చించేశాను. ఎంత రాసినా అందులో నేనే మాట్లాడుతున్నట్టుంది.

ఆరోది దొరికింది. కంప్యూటరు బయటికి తోసేసిందని రాశానే, అదే. నీళ్ల ట్యాంకు నీడన వేలాడింది కాబట్టి పొర లేవలేదు, అంచు మాత్రం బొబ్బలెక్కింది. డిస్కును లోపలి నుంచి బయటికి చదువుతారు, అంచు చెడితే పోయేది ఆఖరు భాగం. మన కర్ర నడిమధ్యలో ఉంది. చదవలేని చోటును వదిలెయ్యకుండా పదే పదే చదివించే ప్రోగ్రామొకటి పెట్టాను. మొదటి రోజు నూటికి ముప్పై చదివింది. రెండో రోజు రెండే. మీ మరదలు దాని మీద తడిగుడ్డ వేసి, "జ్వరమొచ్చినట్టు కాలిపోతోంది, పోతుందేమో" అంది. తడికి కరెంటు కొడుతుందని తిట్టి గుడ్డ తీయించాను, విసనకర్ర ఇచ్చాను. మూడో రోజంతా తనూ నేనూ వంతులేసుకుని విసిరాం. నాలుగో రోజు మధ్యాహ్నానికి కర్ర వచ్చింది.

ఈసారి కుదించలేదు. ఏ పెట్టెలోనూ టిక్కు పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు తీసి, కర్ర కనపడే బొమ్మలు ఏడు ఫోటో షాపులో పెద్దవి వేయించాను. ఈ కవర్లో ఉన్నాయి. గాట్లున్నాయి అన్నయ్యా. బల్ల బోల్టులూ ఉన్నాయి. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను.

పదకొండే కనపడుతున్నాయి.

మిగిలిన మూడూ ముక్కు వైపువి. నీ కుడిచెయ్యి వాటి మీద ఉంది. చాలాసేపు తీశాడన్నావు కానీ, కర్ర కనపడేది నలభై సెకన్లే. ఒక్కసారైనా చెయ్యి తీస్తావేమోనని వందసార్లు చూసి ఉంటాను. తియ్యవు. ఆ తర్వాత కెమెరా నా వైపు తిరుగుతుంది, మళ్లీ వచ్చేసరికి కర్ర లేదు. పలక చీలింది పదకొండు దాటాకే కదా. కావలసిన మూడే లేవు. ఇంత చేసీ నీ చేతిలో పెట్టగలిగింది ఇంతే.

ఇంకొకటుంది. రాయనా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. కుదించిన దాంట్లో నా గొంతు ఒక్కటే వినపడేది. అసలుదాంట్లో ధ్వని కూడా అసలుదే. చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. నేను నాన్న గురించి చెబుతూ ఉంటే, పక్క నుంచి నువ్వు మెల్లగా అంటున్నావు: "కాస్త ఆగరా. గాట్ల సంగతి నేను చెబుతాను." రెండుసార్లన్నావు. నేను ఆగలేదు. ఆగి ఉంటే ఆ మూడు గాట్లు ఎక్కడెక్కడో నీ నోటితోనే ఉండేవి.

నేను ఇప్పుడు చెయ్యగలిగింది ఏమైనా ఉంటే చెప్పు.

నీ తమ్ముడు


మార్చి 7

తమ్ముడికి,

ఫోటోలు చేరాయి. నువ్వు చదువుకున్నవాడివే కానీ, ఫోటో చూడటం నీకు రాదు.

నా చెయ్యి అడ్డం ఉందని ఏడ్చావు. ఆ చెయ్యి ఎలా ఉందో చూశావా? చిటికెనవేలు పదకొండో గాటులో ఉంది. దాని పక్క మూడు వేళ్లు వరసగా వంగి ఉన్నాయి. ఊరికే ఆనించిన చెయ్యి అలా ఉండదు. వేళ్లు గాట్లలో ఉన్నాయి. ముక్కు దగ్గర నేను ఏనాడూ కళ్లతో కొలవలేదు, వేళ్లతో కొలిచాను. అందుకే తల్లో లేదు. ఆ రోజు పలక పక్కన నిలబడి తల్లో వెతికాను, చేతిలో వెతకలేదు. నా పొరపాటు అదీ.

నాన్న ఆ మూడు గాట్లూ తన వేళ్లకు సరిపోయేట్టు చెక్కాడు. నీకు ఆరేళ్లప్పుడు మనిద్దరినీ పిలిచి కర్ర మీద చెయ్యి పెట్టమన్నాడు. నువ్వు పెట్టావు. తర్వాత నేను పెట్టాను. ఆయన ఇద్దరి వేళ్లూ చూశాడు. పెద్దయ్యాక కర్ర నాకిచ్చాడు. పెద్దకొడుకని ఇచ్చాడని నువ్వు ఇన్నేళ్లూ కుళ్లుకున్నావు. పెద్దకొడుకని కాదు, నీ వేళ్లు పొట్టివి. సుద్దముక్క పట్టుకోవడానికి చాలు.

ఫోటో చూడగానే పిల్లను పిలిచాను. పదకొండు గాట్లనూ బల్ల బోల్టులను పట్టి తను కొత్త కర్ర మీద గీసింది. టేపుతో రెండుసార్లు, దారంతో ఒకసారి సరిచూసింది. ఆ తర్వాత నేను పదకొండో గీత మీద చిటికెనవేలు పెట్టాను. చెయ్యి ఒకటే వణుకు. పెన్సిలు పట్టుకుని తను ఎదురుచూస్తోంది, నా వేళ్లేమో ఎండుటాకుల్లా కొట్టుకుంటున్నాయి. కర్ర మీద నిలవవు.  చెయ్యి తీసేద్దామనుకున్నాను.

అప్పుడు పిల్ల పెన్సిలు నోట్లో పెట్టుకుని, తన ఎడంచెయ్యి నా చేతి మీద వేసి నొక్కింది. గట్టిగా. బరువు పెట్టి. వణుకు ఆగింది. ఆగగానే వేళ్లు వాటంతట అవే వంగి వాటి చోట్లకు పోయాయి. కళ్లు మూసుకున్నాను. నాకు గాట్లు తగిలాయంటే నువ్వు నమ్మవు, నున్నటి కర్ర అది. తగిలాయి. "ఇప్పుడు గియ్యి" అన్నాను. గీసింది.

పలక జోలికి పోలేదు. ముందు పలచని బద్ద తీసుకుని ఆ కొలతకు కోసి పక్కటెముకల మీద వంచి కట్టింది. లోపలికి దూరి చివరిదాకా చూసింది. "నాన్నా, ఎక్కడా వెలుతురు దూరడం లేదు" అంది. ముక్కు దాకా అతుక్కుంది.

జత పలకకు చెక్క కూడా నిన్న దొరికింది, చెరువు అవతల మిల్లులో. ఇరవయ్యో తారీఖున రెండూ ఆవిరి పెట్టెలోకి వెళతాయి. రేవు ఆయనకు కబురు పంపింది. చేప ముల్లుకు కండ పట్టిస్తున్నాం, వచ్చి చూసుకొమ్మంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఫోను చేసి బాగుంది అని పెట్టేసేవాణ్ణి.

బద్ద విప్పుతూ పిల్ల నా వైపు చూడకుండా అడిగింది. "నాన్నా, వరద అటక దాకా ఎప్పుడొచ్చింది?" షెడ్డు గోడ మీద వరద గీత ఇప్పటికీ ఉంది కదా, మోకాలి ఎత్తున. కొత్త కర్రను అటక మీద పెట్టబోతూ చూసినట్టుంది. నేను చెవి వినపడనట్టు ఊరుకున్నాను. అటు ఉన్నది వినపడే చెవి అని తనకు తెలుసు. మళ్లీ అడగలేదు. చీపురు తెచ్చి ఊడ్చింది. అదే ఊడ్చడం, పలక చీలిన రోజులాగే.

నాకు ఊరుకోవడం చేతకావడం లేదు. చెప్పడమూ చేతకావడం లేదు. నా పని నీ నోటితో చెప్పావని పన్నెండేళ్లు తిట్టుకున్నాను. ఇది కూడా నీ నోటితో చెప్పిస్తే ఇక నేనెందుకు?

కాబట్టి నువ్వు రా. ఇరవయ్యో తారీఖు పొద్దున్నే షెడ్డులో ఉండాలి. నీ ఫోనులో కెమెరా ఉంది కదా, అది పట్టుకో. పలకలు వంచడం తియ్యి, పిల్ల చేతులు తియ్యి, పిల్ల మొహం కూడా తియ్యి, తను చెయ్యి పెట్టిన ప్రతిచోటూ తియ్యి. రెండు పలకలూ కూర్చున్నాక నా వైపు తిప్పు. నేను వీపు తిప్పను. కర్ర ఏమైందో పిల్లకు చెబుతాను, నా మొహంతో, నా నోటితో. అది అయ్యేదాకా నువ్వు ఒక్క మాట మాట్లాడకూడదు. దగ్గు వచ్చినా మింగు. నేను తడబడినా అందించకు.

తీసినదాన్ని ఇంటికి తీసుకెళ్లి కంప్యూటర్లో పెట్టు. చిన్నది చెయ్యకు. మచ్చలు తియ్యకు. ఎంత పెద్దదైతే అంత పెద్దదే ఉండనీ. ఒకటి పిల్లకివ్వు, ఒకటి నీ దగ్గర ఉంచు. టమాటాలకు వేరే ఏదైనా చూసుకో. మరదలు కంప్యూటరుకు విసిరిందని చెప్పాను, పిల్ల పడి పడి నవ్వింది. ఆమెనూ తీసుకురా.

వస్తావా రావా, పదిహేనో తారీఖు లోపల నాకు కాగితం మీద తెలియాలి. ఫోను చేస్తే ఎత్తను. "తర్వాత రాస్తాను" అని మాత్రం రాయకు. వస్తాను, లేదా రాను. పదిహేను దాటిందంటే రానట్టే అనుకుని, కెమెరా లేకుండానే చెప్పేస్తాను. అప్పుడు కూడా నా మొహం ఎక్కడా ఉండదు, అది నీ లెక్కలోనే పడుతుంది.

అన్న